పార్కులో వేసవి ఫలహారం



వనభోజనాలంటే మనకు కార్తీకమాసమే గుర్తొస్తుంది. ఉసిరిచెట్టు కింద విస్తళ్లు వేసుకుని, చుట్టపక్కాలంతా ఒకచోట చేరి, పులిహోర, దద్దోజనం, గారెలు, కొబ్బరి పచ్చడి కొసరి కొసరి వడ్డించుకోవడం మన ఇళ్లలో తరాలుగా వస్తున్న వేడుక. అది అలాగే సాగాలి. అయితే నగరంలో కాపురం ఉండేవాళ్లకు చెట్టు నీడ కార్తీకంలోకన్నా వైశాఖ జ్యేష్ఠాల్లోనే ఎక్కువ అవసరం. పిల్లలకు బడులుండవు. పొద్దుగూకినా ఇల్లు చల్లబడదు. పిల్లలు ఫోన్లకు, పెద్దలు టీవీకి అతుక్కుపోయేది ఆ రెండు నెలల్లోనే. కాస్త బయటికి వెళదామంటే మాల్ తప్ప మరో చోటు తోచదు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. వేసవి సాయంత్రం ఇంటిల్లిపాదీ దగ్గర్లోని పార్కుకు వెళ్లి, పచ్చిక మీద కూర్చుని ఏదో ఒకటి తిని రావడం వారంవారం జరిగే మామూలు పని కావాలి. దానికి ఎండ అడ్డమని అందరూ అంటారు. ఎండకన్నా పెద్ద అడ్డం వంటగదిలో ఉంది. పొట్లం కట్టుకుని పట్టుకెళ్లే శాండ్‌విచ్ లాంటి తేలికపాటి తిండి ఆ అడ్డాన్ని తొలగిస్తుంది.

ముందు ఎండ సంగతి చూద్దాం. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు పార్కులో కూర్చోమని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు. వడగాడ్పులు వీస్తున్నాయని వాతావరణ శాఖ హెచ్చరించిన రోజున ఇల్లు కదలకపోవడమే మంచిది. కాని సాయంత్రం లెక్క వేరు. శ్లాబు, ఇటుక గోడ, తారు రోడ్డు పగలంతా ఎండను తాగుతాయి, ఆ వేడిని చీకటి పడ్డాక నిదానంగా వదులుతాయి. పై అంతస్తులో ఫ్యాన్ వేస్తే తొమ్మిది గంటలకు కూడా వేడిగాలే దిగడానికి కారణం అదే. చుట్టుపక్కల పల్లెలకన్నా నగరం వెచ్చగా ఉంటుందని, ముఖ్యంగా రాత్రిపూట ఆ తేడా బాగా తెలుస్తుందని లూక్ హోవర్డ్ అనే ఆయన లండన్ వాతావరణం మీద 1818లో మొదలుపెట్టి ప్రచురించిన పుస్తకంలోనే కొలతలతో చూపించాడు. రెండు వందల ఏళ్ల కిందటి లండన్‌లోనే అలా ఉంటే, ఈనాటి హైదరాబాదు, విజయవాడల సంగతి చెప్పనక్కర్లేదు. పార్కులో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. పచ్చిక ఉన్న నేల కాంక్రీటంత వేడిని దాచుకోదు. చెట్టు వేళ్లతో పీల్చిన నీటిని ఆకుల్లోంచి ఆవిరిగా వదులుతుంది, ఆ ఆవిరి చుట్టూ ఉన్న వేడిని కొంత పట్టుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది ఈ సూత్రం మీదే. అందుకే సాయంత్రం ఆరున్నరకు మూడో అంతస్తు గదిలోకన్నా కానుగ చెట్టు కింద హాయిగా ఉంటుంది. ఎండకు భయపడి ఇంట్లో ఉండిపోయేవాళ్లు ఆ వేళకు ఎక్కువ వేడి ఉన్న చోటునే ఎంచుకుంటున్నారు.

మన ఊళ్లలో ఆ వేళలు కూడా బాగా కుదిరాయి. మే మధ్యలో హైదరాబాదులో పొద్దు దాదాపు ఆరూ నలభైకి గుంకుతుంది. విశాఖలో ఇంకో ఇరవై నిమిషాలు ముందే. ఐదున్నరకు బయల్దేరితే వెలుతురులో గంట, చల్లదనంలో గంట దొరుకుతాయి. హుస్సేన్‌సాగర్ ఉత్తరపు ఒడ్డున సంజీవయ్య పార్కు ఉంది. దోమలగూడ పక్కన ఇందిరా పార్కు ఉంది, 76 ఎకరాలది. శాసనసభ ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌లో పాతకాలపు మహావృక్షాలున్నాయి. విజయవాడలో కృష్ణ ఒడ్డున రాజీవ్‌గాంధీ పార్కు, విశాఖలో సముద్రాన్ని చూస్తూ కూర్చునే కైలాసగిరి ఉన్నాయి. విశాఖవాళ్లకు ఎండకన్నా చెమట ఎక్కువ బాధ. వాళ్లు సముద్రపు గాలికి ఎదురుగా ఉన్న చోటు చూసుకుంటే ఆ బాధ సగం తీరుతుంది. పైగా ఈ చెట్లు చూడముచ్చటగా ఉండేది ఎండాకాలంలోనే. తురాయి ఎర్రగా విరగబూసేది, రేల చెట్టు పసుపుపచ్చ గుత్తులు వేలాడదీసేది, కానుగ లేత చిగుళ్లు వేసి నిగనిగలాడేది అప్పుడే. కార్తీకంలో చూద్దామంటే ఇవేవీ ఉండవు.

చెట్ల మధ్య గడపడం మనసుకు హాయి అనే మాట అందరూ ఒప్పుకునేదే, అయినా దానికి కొలతలు కూడా ఉన్నాయి. ఆపరేషను అయిన రోగుల్లో కిటికీలోంచి చెట్లు కనిపించే గదిలో ఉన్నవాళ్లు, గోడ మాత్రమే కనిపించే గదిలో ఉన్నవాళ్లకన్నా త్వరగా ఇంటికి వెళ్లారని, నొప్పికి ఘాటైన మందులు తక్కువగా వాడారని రోజర్ ఉల్రిచ్ 1984లో సైన్స్ పత్రికలో రాశాడు. ఇంగ్లండులో దాదాపు ఇరవై వేలమందిని పరిశీలించి 2019లో వెలువరించిన మరో అధ్యయనం, వారానికి మొత్తం 120 నిమిషాలైనా ప్రకృతిలో గడిపేవాళ్లు తమ ఆరోగ్యం, మనఃస్థితి బాగున్నాయని ఎక్కువగా చెప్పారని తేల్చింది. ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా, విడివిడిగా గడిపినా తేడా కనిపించలేదట. చెట్ల వల్లే ఆరోగ్యం బాగుపడిందని ఆ అధ్యయనం రుజువు చేయలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా బయట తిరుగుతూ ఉండవచ్చు. అంత జాగ్రత్తగా చదివినా, వారానికి రెండు గంటలంటే ఒక వేసవి సాయంత్రానికి సరిపోయే సమయమని మాత్రం గమనించాలి. కొండలకూ అడవులకూ వెళ్లే స్తోమత అక్కర్లేదు, ఆటో ఎక్కి వెళ్లే దూరంలోని పార్కు చాలు.

మరి ఇంత మంచిదాన్ని ఎందుకు చేయడం లేదు? వంటగదిలోకి వెళ్లి చూస్తే తెలుస్తుంది. పిక్నిక్ అన్న మాట వినగానే మన ఇంట్లో ఒక మనిషి గుండెలో రాయి పడుతుంది. పొద్దున లేచి బియ్యం కడగాలి, చింతపండు నానబెట్టాలి, పోపు వేయాలి, పప్పు రుబ్బి గారెలు వేయాలి, అవి చల్లారాక డబ్బాల్లో సర్దాలి. గరిటెలు, పళ్లాలు, చేతులు కడుక్కోను నీళ్లు, తుడుచుకోను గుడ్డలు. తిరిగి వచ్చాక ఆ గిన్నెలన్నీ తోమాలి. మిగతావాళ్లకు అది విహారం, ఆమెకు రెండింతల చాకిరీ. కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి ఖర్చు పెడుతుంటే, చేసే మగవాళ్లు పెడుతున్నది 97 నిమిషాలని తేలింది. ఐదు గంటలు అప్పటికే పనిలో పోతున్న మనిషి మీద విహారం పేరుతో ఇంకో మూడు గంటల పని వేస్తే, ఆవిడ ‘ఎందుకులెండి, ఎండలు మండిపోతున్నాయి’ అనడంలో ఆశ్చర్యం లేదు. ఆ మాటలో ఎండ ఒక సాకు. సంవత్సరానికి ఒకసారైతే ఆ శ్రమ పండగలో కలిసిపోతుంది. ప్రతి వారం అంటే ఎవరూ మోయలేరు.

శాండ్‌విచ్‌ను సమర్థించడానికి నాకున్న అసలు కారణం ఇదే. అది రుచిలో పులిహోరను మించినదని కాదు. బ్రెడ్డు ముక్కల మధ్య ఏదో పెట్టుకుని ఒక చేత్తో తినేయవచ్చు. పళ్లెం అక్కర్లేదు, గరిటె అక్కర్లేదు, వడ్డించే మనిషి అక్కర్లేదు. వడ్డించే మనిషి లేకపోతే అందరూ ఒకేసారి కూర్చుని తింటారు. మన ఇళ్లలో అది చిన్న మార్పు కాదు. పదేళ్ల పిల్లవాడికి కూడా చేయడం వస్తుంది, వంట రాదని తప్పించుకునే మగవాళ్లకూ వస్తుంది. అరగంటలో నలుగురికి సరిపడా తయారవుతుంది. తోమాల్సినవి ఒక కత్తి, ఒక గిన్నె.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, బ్రెడ్డు మన తిండి కాదని. గోధుమ రొట్టె రూపం మనది కాకపోవచ్చు, కాని పొలానికి వెళ్లేటప్పుడు జొన్నరొట్టె మీద ఎర్రకారం రాసుకుని, ఉల్లిపాయ పెట్టి, గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్లిన రైతులు ఈ పద్ధతిని ఎప్పటి నుంచో పాటిస్తున్నారు. మైదా బ్రెడ్డు వద్దనుకున్నవాళ్లు ముతక గోధుమపిండి బ్రెడ్డు కొనుక్కోవచ్చు. అదీ వద్దనుకుంటే మిగిలిన చపాతీలో కూర పెట్టి చుట్టినా పని జరుగుతుంది. బొంబాయివాళ్లు బ్రెడ్డులో పచ్చి కొత్తిమీర చట్నీ, ఉడికించిన బంగాళాదుంప, బీట్‌రూట్, దోసకాయ పెట్టి దాన్ని తమ ఊరి తిండిగా చేసేసుకున్నారు. మనకు పచ్చళ్లకూ పొడులకూ కొదవలేదు. మే నెలంటే కొత్త ఆవకాయ జాడీలోకి చేరే నెల. వెన్న రాసిన బ్రెడ్డు మీద కొత్త ఆవకాయ పిండి పలచగా పూసి, పైన దోసకాయ చక్రాలు పరిస్తే, దాన్ని పరాయి తిండి అనడానికి ఏ తెలుగువాడికీ నోరు రాదు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. ప్రయాణపు తిండిగా పులిహోరకు సాటి ఏదీ లేదంటారు. నిజమే. చింతపండు పులుపు, ఉప్పు, నూనె అన్నాన్ని కాపాడతాయి, మామూలు అన్నం చెడిపోయే వేడిలో కూడా పులిహోర పూట నిలుస్తుంది. మన పెద్దవాళ్లు అనుభవంతో కనిపెట్టిన సంగతి అది. ఇంట్లో చేసే ఓపిక ఉన్న రోజున పులిహోరే తీసుకెళ్లండి. నా వాదన పులిహోర మీద కాదు, అది లేకపోతే పార్కుకు వెళ్లకూడదన్న పట్టింపు మీద. అమెరికాలో కార్తీకం నాటికి చలి ముదురుతుంది కనుక అక్కడి తెలుగువాళ్లు చాలాచోట్ల పిక్నిక్‌లను ఎండాకాలానికే మార్చుకున్నారు, పార్కుల్లో చేరి ఎవరికి వీలైంది వాళ్లు తెచ్చుకుని తింటున్నారు. ఋతువు మారినా, వంట మారినా వేడుక నిలిచింది.

ఇక చేసే పద్ధతి. శాండ్‌విచ్ బాగాలేదనేవాళ్లలో చాలామంది తిన్నది తడిసి ముద్దయిపోయిన శాండ్‌విచ్. దానికి కారణం నీళ్లు. బ్రెడ్డు ముక్క అంచుల దాకా వెన్న రాయాలి, మధ్యలో మాత్రమే రాస్తే లాభం లేదు. వెన్న పొర తడిని బ్రెడ్డులోకి దిగనివ్వదు. టమాటా గింజలూ గుజ్జూ తీసేసి కండ మాత్రం వాడాలి. దోసకాయ చక్రాలకు చిటికెడు ఉప్పు రాసి పది నిమిషాలు ఉంచితే నీరు ఊరుతుంది, ఆ నీరు గుడ్డతో అద్ది తీసేయాలి. బంగాళాదుంప కూర ఆవాలు, పచ్చిమిర్చి, అల్లంతో పొడిపొడిగా వండి, పూర్తిగా చల్లారాకే లోపల పెట్టాలి. వేడి కూర పెట్టి డబ్బా మూస్తే ఆవిరి పట్టి బ్రెడ్డు నానిపోతుంది, త్వరగా పాడవుతుంది కూడా. పల్లీ చట్నీ గట్టిగా, నీళ్లు తగలకుండా నూరుకోవాలి. కందిపొడి లేదా నువ్వుల పొడిని వెన్నలో కలిపి పూస్తే అసలు తడి బాధే ఉండదు. గోంగూర పచ్చడికి పచ్చి ఉల్లిపాయ తోడైతే చెప్పేదేముంది. అన్నీ పేర్చాక శుభ్రమైన పల్చని నూలుగుడ్డ తడిపి గట్టిగా పిండి, అందులో చుట్టి, స్టీలు డబ్బాలో పెడితే ఎండగాలికి అంచులు ఎండిపోవు. ముందే కోయకుండా తినే ముందు కోసుకోవడం మేలు. పక్కన మజ్జిగ సీసా, బుట్టలో నాలుగు తాటిముంజలో పుచ్చకాయ ముక్కలో ఉంటే ఇంకేం కావాలి.

తిండి పాడవుతుందన్న భయం మాత్రం కొట్టిపారేసేది కాదు, ఈ విషయంలో నేను రాజీపడమని చెప్పను. తిండిలో సూక్ష్మజీవులు వేగంగా పెరిగేది ఐదు నుంచి అరవై డిగ్రీల మధ్య. మన వేసవి అంతా అందులోనే ఉంటుంది. వండిన పదార్థాలను బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని, 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించవద్దని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. కాబట్టి ఉడికించిన గుడ్డు, కోడిమాంసం, పనీర్, పచ్చి కొబ్బరి చట్నీ లాంటివి ఐసు లేకుండా తీసుకెళ్లకండి. ముందురోజు రాత్రి రెండు నీళ్ల సీసాలను ఫ్రీజర్‌లో గడ్డకట్టించి డబ్బాలకు అటూ ఇటూ పెట్టుకుంటే అదే మీ ఐసు పెట్టె. దారిలో డబ్బాలను చల్లగా ఉంచుతాయి, కరిగాక తాగడానికి పనికొస్తాయి. పచ్చిగుడ్డుతో చేసిన మయోనైజ్ ఎంత ప్రమాదమో తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో దాని మీద ఏడాదిపాటు నిషేధం పెట్టడమే చెబుతుంది. దాని బదులు వెన్న, పొడులు, ఆవకాయ లాంటి ఊరగాయలు వాడితే బెంగ చాలావరకు తీరిపోతుంది. ఉప్పు, నూనె, పులుపు, తడి లేకపోవడం, ఈ నాలుగూ మన పచ్చళ్లను, పొడులను ఎన్నో ఏళ్లుగా కాపాడుతున్నాయి. వాటినే బ్రెడ్డుకూ వాడుకుంటున్నాం, అంతే.

పార్కుల్లో తిండి తినడమే తప్పని, చెత్త పేరుకుపోతుందని, కుక్కలూ కాకులూ మూగుతాయని అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. హైదరాబాదులోని కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు జాతీయ ఉద్యానం. నెమళ్లూ ఇతర జీవాలూ తిరిగే ఆ చోటు తిండి పట్టుకెళ్లేది కాదు. కాని పురపాలక సంఘం పార్కుల సంగతి వేరు. అవి మనుషుల కోసం పెంచినవి. న్యూయార్క్ సెంట్రల్ పార్కు 1858లో తెరిచిన తొలి రోజుల్లో అక్కడ గుంపులుగా పిక్నిక్‌లు జరుపుకోకూడదన్న నియమం ఉండేది. శ్రమజీవులకు ఆదివారం ఒక్కటే సెలవు, కుటుంబంతో వచ్చి తినే వీలు లేకపోతే ఆ పార్కు బండ్లలో తిరిగే ధనవంతులకే పనికొచ్చేది. ఈనాడు అదే పార్కులో పచ్చిక మీద దుప్పట్లు పరుచుకున్న కుటుంబాలు వేసవంతా కనిపిస్తాయి. పార్కు చెడిపోలేదు, ఊరందరిదీ అయింది. నడక దారికే పరిమితమైన పార్కు నడవగలిగినవాళ్లకే మిగులుతుంది. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మకూ, చంటిపిల్ల తల్లికీ పార్కు అంటే కూర్చునే చోటు, ఏదైనా తినే చోటు కావాలి.

చెత్త విషయంలో మాత్రం తప్పు మనదే, దిద్దుకోవలసింది మనమే. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలను దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారు. అయినా ఆదివారం సాయంత్రం ఏ పార్కుకు వెళ్లి చూసినా పొదల కింద అవే కనిపిస్తాయి. పళ్లెం అక్కర్లేని తిండి ఇందుకు కూడా మంచిదే. స్టీలు డబ్బా, నూలుగుడ్డ ఖాళీ అయ్యాక సంచిలోనే ఇంటికి తిరిగొస్తాయి, పారేయడానికి ఏమీ ఉండదు. ఒలిచిన తొక్కలు, ముంజల టెంకలు వేసుకోవడానికి ఒక కాగితపు సంచి చాలు. కాకులకు, కోతులకు ముక్కలు వేయడం పుణ్యమనుకోవద్దు. వాటికి అది అలవాటైతే మర్నాడు వచ్చే పిల్లల చేతుల్లోంచి లాక్కుంటాయి.

నగరపాలక సంస్థలకు కూడా ఒక విన్నపం ఉంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పార్కులు రాత్రి తొమ్మిది వరకు తెరిచి ఉంచితే ఎండకు జడిసేవాళ్లు ధైర్యంగా వస్తారు. పచ్చికలో ఒక మూలను కూర్చుని తినడానికి విడిచిపెట్టాలి. అక్కడ తాగునీటి కొళాయి, మూత ఉన్న చెత్తబుట్టలు, సరైన వెలుతురు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. ఇవి లేవు కనుకే చాలామంది ఆడవాళ్లు చీకటి పడకముందే పార్కు నుంచి లేచిపోతున్నారు. కొత్త పార్కుకు పెట్టే ఖర్చులో చిన్న భాగంతో ఉన్న పార్కులన్నిటిలో ఈ వసతులు కల్పించవచ్చు.

శ్రోతలారా, దీనికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. మీ ఊళ్లో పార్కు గేటు ఎన్నింటికి మూస్తారో, లోపలికి తిండి రానిస్తారో లేదో ముందుగా కనుక్కోండి. రానివ్వకపోతే ఎందుకు రానివ్వరో అడిగి, మీ కార్పొరేటరుకు ఒక అర్జీ రాయండి. రానిస్తే ఈ శనివారం బ్రెడ్డుకు వెన్న రాసే పని పిల్లలకు అప్పగించి, ఐదున్నరకల్లా బయల్దేరండి.